మగ్గం గుంటలో యుద్ధ విమానం

మా ఇంటి ముందు గదిలో, నేలలోకి తవ్విన గుంట ఒకటి ఉంది. మా ఆవిడ మగ్గం గుంట. నేసే మనిషి గట్టు మీద కూర్చుని, కాళ్ళు అందులోకి వదిలి, అడుగున ఉన్న రెండు చెక్క పలకల్ని ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ నేస్తుంది. ఆ గుంటలో నేను యుద్ధ విమానం కట్టాలనుకున్నాను. అంతకంటే తెలివితక్కువ పని నా జన్మలో మరొకటి చేయలేదు. ఆ రోజు మాత్రం నా అంత తెలివైనవాడు కడప జిల్లాలోనే లేడనుకున్నాను.

విమానమంటే నిజం విమానం కాదు, కంప్యూటర్లో ఎగిరేది. దాన్ని ఎవరైనా ఆట అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అసలు విమానం ఎంత బరువో, ఎంత ముక్కు ఎత్తితే రెక్క గాలి వదిలేసి కూలుతుందో, ఏ స్విచ్చి తర్వాత ఏ స్విచ్చి వేయాలో, అన్నీ అందులో ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌ని. పొద్దంతా ఎవరి యంత్రంలోనో ఎంత వేడి ఉందో మీటర్లు చూసి చెప్పడం నా పని. ఇంటికొచ్చాక నా సొంత మీటర్లు నేను చూసుకోవాలనిపిస్తే అది తప్పా? కానీ కీబోర్డు మీద వేళ్ళు ఆడిస్తూ యుద్ధ విమానం నడపడం ఎలా ఉంటుందంటే, చెంచాతో ముద్ద కలుపుకున్నట్టు ఉంటుంది. కాళ్ళ మధ్య పొడుగాటి కర్ర ఉండాలి. ఎడమ చేతికి ఇంజను మీట ఉండాలి. కాళ్ళ కింద, ముక్కును ఎడమకూ కుడికీ తిప్పే రెండు పెడళ్ళు ఉండాలి. మామూలు కుర్చీ వేసి చూశాను. కర్ర మోకాళ్ళకు తగిలేది, పెడళ్ళు అందేవి కావు. కాళ్ళు కిందికి దిగే చోటు కావాలి.

ఆ చోటు మా ఇంట్లోనే ఖాళీగా ఉంది. మా ఆవిడ మోకాలి నొప్పితో ఎనిమిది నెలలుగా మగ్గంలో దిగలేదు. కొన్నాళ్ళు పలకలు తొక్కొద్దని డాక్టరు చెప్పాడు. మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంచింది. రోజూ పొద్దున ఆ దుప్పటి తీసి దులిపి, మళ్ళీ సరిగ్గా కప్పేది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. నాకు కనిపించింది మాత్రం దుప్పటి కింద ఉన్న గుంట.

"ఏమ్మే, అది ఊరికే పడుండాది గదా. నీకు నయమయ్యేదాకా ఆ గుంట నాకిస్తావా?" అని అడిగాను.

ఆమె శెనక్కాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు. "ఇస్తా. నేను దిగుతా అనిన రోజు నా మగ్గం నాకు ఉన్నది ఉన్నట్టు రావాల."

"అంతేగదా."

"అంతేగదా అంటాండావు. విప్పేది నువ్వు. రేపు నేను చెల్లెలి కాన్పుకు ప్రొద్దుటూరు పోతాండా, వచ్చేతలికి పది దినాలు పడతాది. ఏదన్నా తెల్యకుంటే ఫోన్ చెయ్యి. అడిగితే నోటి ముత్యాలేం రాలవు."

నేనూ నేతగాడి కొడుకునే. కాకపోతే మా నాయన నన్ను మగ్గం దరిదాపులకు రానివ్వకుండా ఐటీఐలో వేశాడు. కండెలకు నూలు చుట్టడం కూడా నాకు చేతకాదు. అయినా నేత ఇంట్లో పుట్టినవాడికి మగ్గం విప్పడం ఒకరు నేర్పాలా? ఆమె బస్సెక్కిన పూటే మొదలుపెట్టాను. చెక్క ముక్క ప్రతిదానికీ టేపు అంటించి నంబరు వేశాను. పలకలు మాత్రం గుంటలోనే ఉంచేశాను. ఆమె పాదాలకు అరిగి నున్నగా అయిపోయిన టేకు పలకలు, పెడళ్ళుగా బాగా పనికొస్తాయని. పలకల్ని పైకి కట్టిన తాళ్ళ ముడులు విప్పబోతే రాలేదు. గోళ్ళు నొప్పి పుట్టి, కత్తెర తెచ్చి కోసేశాను. తాళ్ళే కదా.

చివరికి అచ్చు మిగిలింది. దువ్వెనలాంటి పొడుగాటి చట్రం అది. పడుగు పోగులన్నీ, అంటే బట్ట పొడుగునా సాగే దారాలన్నీ, ఒక్కొక్కటిగా దాని పళ్ళలోంచి, దాని వెనక ఉన్న దారపు కుచ్చుల్లోంచి దూరి ఉంటాయి. ఎనిమిది నెలల కింద చివరి చీర కోసినప్పటి పోగులు ఒక మూరెడు అందులోనే వేలాడుతున్నాయి. చిలకపచ్చ రంగు, దుమ్ము పట్టి ఉన్నాయి. చీర అయిపోయాక మిగిలిన తుక్కు అనుకున్నాను. అటూ ఇటూ కోసి, గుత్తులు గుత్తులుగా లాగి పారేసి, అచ్చును బ్రష్షుతో శుభ్రం చేసి, కాగితంలో చుట్టి అటక మీద పెట్టాను. ఫోను జేబులోనే ఉంది. దీనిక్కూడా ఫోనా అనుకున్నాను. ఆ పోగులు మెత్తగా ఉన్నాయి కదా, గ్రీజు తుడవడానికి పనికొస్తాయని ఒక ఉండ చుట్టి పనిముట్ల డబ్బాలో వేసుకున్నాను.

ఇక విమానం మొదలైంది. తల ప్రాణం తోకకొచ్చింది.

కర్ర కోసం బైపాస్ దగ్గర లారీ బాడీలు కట్టే వెల్డరు దగ్గరికి పోయాను. కాగితం మీద గీసిన బొమ్మ ఇచ్చాను. సన్నటి గొట్టం, పైన చేతిపిడి, కింద నాలుగు వైపులా కదిలే కీలు. ఆయన కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఏమప్పా, ఇది ఏ బండిది?"

"బండిది కాదన్నా. విమానానిది."

"విమానానికి ఇంత సన్నగుంటే ఇరగదా? నువ్వు ఊరకుండు. లారీ గేరు రాడ్డు మాదిరి చేసిస్తా. నీ మనవల కాలం దాకా పడుంటాది."

వద్దన్నాను. సన్నగానే కావాలన్నాను. బొమ్మలో రాసిన కొలత మీద వేలు పెట్టి చూపించాను. సరే సరే అన్నాడు. నాలుగు రోజుల తర్వాత పోతే లారీ గేరు రాడ్డే చేసిపెట్టాడు, ఆరు కిలోలుంటుంది. పైగా పచ్చ రంగేసి, పిడి దగ్గర ఎర్ర గీతలు పెట్టి, "రంగు నా లెక్కలో ఏసినా, దుడ్లు వద్దు" అన్నాడు. కోప్పడదామంటే నోరు రాలేదు. దాన్ని బిగించాక చేయి వదిలితే చాలు, బరువుకు ఎడమకు వాలిపోయేది. దాంతోపాటు విమానమూ ఎడమకు వాలిపోయేది. నేను తుమ్మినా విమానం బోర్లా పడేది. మళ్ళీ పోతే స్ప్రింగు వేస్తానని లారీ క్లచ్చి స్ప్రింగు వేసిచ్చాడు. అప్పుడు కర్ర రెండు చేతులతో లాగినా కదల్లేదు, చివరికి ఆ స్ప్రింగు పీకేసి వాలిపోయే కర్రతోనే సరిపెట్టుకున్నాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని ఊరికే అన్నారా?

స్విచ్చుల సంగతి ఇంకా అన్యాయం. ఆటో ఎలక్ట్రికల్ షాపులో దొరికినవే వేశాను. ఒకదాని మీద హారన్ బొమ్మ, ఒకదాని మీద వైపర్ బొమ్మ. క్షిపణి వదలాలంటే వైపర్ వేయాలి. కంగారులో నేను హారన్ నొక్కేవాణ్ణి, చక్రాలు కిందికి దిగేవి. సీటు తుక్కు బస్సులోంచి తెచ్చిన డ్రైవరు సీటు. దాన్ని గట్టు మీద బిగించడానికి కడప బండ ఒకటి కోయించి పరిచాను. మగ్గం గది కాబట్టి కిటికీ చిన్నది, ఎండాకాలం. కంప్యూటర్ వేడి, ఫ్యాను వేడి, నా కోపం వేడి, మూడూ ఆ గదిలోనే.

వైర్ల విషయంలో మాత్రం నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు. నలభై రెండు వైర్లు. ప్రతిదానికీ రెండు చివరలా రంగు టేపు, టేపు మీద నంబరు, నోటుపుస్తకంలో ఆ నంబరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో వివరం. పైన అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'ముట్టుకోవద్దు' అని రాసి తగిలించాను. ప్రొద్దుటూరు నుంచి వచ్చాక మా ఆవిడ ఆ అట్టముక్క చదివింది. మరుసటి రోజు నుంచి చీపురు కూడా జానెడు దూరంలో ఆపేది.

వచ్చిన రోజే గుంటలోకి తొంగి చూసి, "తాళ్ళు కోసినావా?" అంది.

"ముడులు రాలేదు."

"పోనీలే, తాళ్ళే గదా. మళ్ళీ కట్టుకుంటా. మిగతాదంతా బాగుండాది గదా?"

"అటక మీద పెట్టినా. నంబర్లు ఏసి పెట్టినా," అన్నాను. గర్వంగానే అన్నాను.

ఆదివారం సాయంత్రాలు మా గుంపు ఎగిరేది. దేశంలో తలా ఒక ఊళ్ళో ఉన్న పదిమందిమి. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒకరి రెక్క పక్కన ఒకరు వరసగా పోవాలి. నేను ఆరోవాణ్ణి. నా విమానం మాత్రం నేరుగా పోదు. ముక్కు ఎడమకు పోతుంది, సరిచేయబోతే కుడికి పోతుంది, మళ్ళీ సరిచేస్తే మరీ ఎడమకు. ఒకసారి పక్కవాడికి తగిలి ఇద్దరం కూలాం. గుంపు పెద్ద అడిగాడు, ఆరో నంబరు తాగి వచ్చాడా అని. అందరూ నవ్వారు. మా ఇంట్లో పెళ్ళిళ్ళకు కూడా నేను తాగను. రన్‌వే మీద దిగడం సరేసరి, ఒక్కసారి కూడా చేతకాలేదు. శత్రువు వచ్చి కొట్టేదాకా ఎందుకు, నా నేల నేనే గుద్దుకునేవాణ్ణి. అన్ని తప్పులూ వెల్డరు మీద వేశాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, కొన్నాళ్ళు కంప్యూటర్ మీద కూడా వేశాను.

అలా రెండు నెలలు గడిచాయి. ఈలోగా మా ఆవిడ మోకాలు కుదుటపడింది. నాకు చెప్పకుండానే పొద్దున్నే మెట్లెక్కి దిగడం అలవాటు చేసుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను వరసగా తొమ్మిదోసారి కూలి, హెడ్‌ఫోన్లు విసిరికొట్టినప్పుడు గడపలో నిలబడి ఉంది.

"ఏమయ్యా, రెండు కాళ్ళూ ఒగేసారి బిగబడతాండావు" అంది.

"నీకేం తెలుసు విమానం గురించి?"

"విమానం తెల్యదు. కాళ్ళు తెలుసు. ఒగటి తొక్కితే ఇంగొగటి పైకి రావాల. నువ్వు దేనికదే రబ్బరు కట్టినావు. ఈ కాలు ఏం చేస్తాందో ఆ కాలికి తెల్యదు. లెయ్యి."

లేచాను. ఇంకేం చేయను? ఆమె చీర దోపుకుని, సీటు అంచున జాగ్రత్తగా కూర్చుని, కాళ్ళు గుంటలోకి వదిలింది. పలకల మీద పాదాలు పెట్టి రెండుసార్లు కదిపింది. ఎనిమిది నెలలూ ఈ రెండు నెలలూ కలిపి, మొదటిసారి. నేను కట్టిన సైకిల్ ట్యూబు ముక్కలు విప్పేసింది. ఒకే తాడు తెమ్మంది. ఒక పలక కొస నుంచి పైన దూలానికి మిగిలిపోయిన మగ్గం గిలక మీదుగా రెండో పలక కొసకు కట్టింది. ముడి వేసి, తొక్కి చూసి, వేలెడు జరిపి, మళ్ళీ తొక్కి చూసింది. ఒక పలక దిగితే రెండోది అంతే పైకి వస్తోంది. అసలు విమానాల్లో కూడా పెడళ్ళు అలాగే ఉంటాయి. నేను దించుకున్న పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. చదవకుండా తిప్పేశాను.

"ఇప్పుడు చూడు," అని లేచి సీటు నాకిచ్చింది.

లేచిన విమానం లేచినట్టు నేరుగా పోయింది. ఎడమ కాలు ఎంత నొక్కానో కుడి కాలికి తెలుస్తోంది. వాలిపోయే ఆ ఆరు కిలోల కర్రను కూడా కాళ్ళతోనే ఆపుకున్నాను. తిరిగొచ్చి, రన్‌వేకి ఎదురుగా, చక్రాలు దించి, హారన్ స్విచ్చితోనే దించి, నేల మీద దింపాను. ఒక చక్రం ముందు, రెండోది వెనక. కూలలేదు. విమానం ఆగాక కూడా నేను పిడి వదల్లేదు. అంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు, అబద్ధం చెప్పడమెందుకు.

"సూస్తివా?" అన్నాను.

"సూస్తి. బాగుండాది. ఇంగ నా మగ్గం దించు. డాక్టరు కొంచెం కొంచెం తొక్కమన్నాడు. శ్రావణం లోపల ఒగ చీరన్నా తీస్తా" అంటూ, తాడు ముట్టిన చేతులకు గ్రీజు అంటితే తుడుచుకోవడానికి పనిముట్ల డబ్బాలోంచి ఉండ తీసుకుంది.

రెండు వేళ్ళు తుడుచుకుని ఆగిపోయింది. ఉండను వెలుతురులోకి పట్టుకుని చూసింది. నల్లటి గ్రీజులోంచి ఒక పోగు లాగింది. అది ఇంకా అక్కడక్కడా చిలకపచ్చగానే ఉంది.

"ఇది యాడిది?"

"అచ్చులో మిగిలిన తుక్కు."

"అంతా తీసేసినావా?"

"శుభ్రంగా తీసినా."

కేకలు వేస్తుందనుకున్నాను. వేసి ఉంటే బాగుండేది. గుంట గట్టు మీదే కూర్చుని, ఆ ఉండను ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పింది. చీర కోసేటప్పుడు మూరెడు పోగులు అచ్చులో కావాలనే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగుల్ని ఒక్కొక్కటిగా ఆ పాత కొసలకు మెలిపెట్టి అతుకుతారు. అతికి లాగితే మొత్తం పడుగు కుచ్చుల్లోంచి, అచ్చులోంచి దానంతటదే దూరి వస్తుంది. పాత కొసలు లేకపోతే ప్రతి పోగునూ మొదటి నుంచి చేత్తో దూర్చుకోవాలి. అందుకే మగ్గాన్ని ఎప్పుడూ ఒట్టిగా ఉంచరు.

"ఈ అచ్చు దూర్చి పదకొండేళ్ళాయ. మా యమ్మ అటుపక్క కూచోని పోగు అందిచ్చాంటే, నేను ఇటుపక్క లాగితి. ఆ పోగుల కొసకే అతుక్కుంటా వచ్చినా, ఇన్ని చీరలూ. యాడా తెగల్యా."

మా అత్త పోయి ఆరేళ్ళు. మా ఆవిడ ఉండను పక్కన పెట్టి అడిగింది.

"నీ వైర్లు ఎన్ని?"

"నలభై రెండు."

"నావి మూడు వేల చిల్లర." అట్టముక్క వైపు చూసింది. "నేను రాసి పెట్టల్యా. ఇంట్లో మనిషివి, అడుగుతావులే అనుకుంటి."

నా మీద నాకే అసహ్యం వేసింది. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. మరుసటి రోజు సెలవు పెట్టి విమానం విప్పాను. సీటు, పచ్చ కర్ర, హారన్ స్విచ్చులు, అన్నీ మెట్ల కింద పడేశాను. మగ్గాన్ని నంబర్ల ప్రకారం నిలబెట్టాను. తాళ్ళు ఆమె కట్టుకుంది, కొత్త పడుగు తెప్పించుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అని తెలుసు. అయినా ఆకులు పట్టుకోవాలి కదా.

పోగులు దూర్చడం ఒక్కరి పని కాదు. ఒకరు వెనక కూర్చుని పోగు వేరుచేసి అందించాలి, ఒకరు ముందు నుంచి సన్నటి కొక్కెంతో లాగాలి. వీధిలో ఈ పని వచ్చిన ఆడవాళ్ళు ఇద్దరున్నారు, పిలుద్దామా అన్నాను. వద్దంది. "కోసినోడే అందించాల."

ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, రోజూ పొద్దుగూకేదాకా అదే పని. పోగు తర్వాత పోగు. ఒకటి ముందు కుచ్చులోకి, ఒకటి వెనక కుచ్చులోకి. నా మొద్దు వేళ్ళకు ఒక్కో పోగు అందేది కాదు, జంటగా వచ్చేవి. ఆమె ఏమీ అనకుండా వెనక్కి నెట్టేది. ఆ నెట్టడం తిట్టు కంటే గట్టిగా తగిలేది. నాలుగో రోజు, వరసలో ఒక పోగు తప్పు కుచ్చులో ఇచ్చానని నూరు పోగులు దాటాక తేలింది. ఆ నూరూ తీసి మళ్ళీ దూర్చాం. కొక్కెం విసిరికొట్టాలనిపించింది, కానీ కొక్కెం ఆమె చేతిలో ఉంది. నా నడుము పట్టేసింది. మా అత్త అరవై దాటిన వయసులో ఇలా ఎన్ని రోజులు కూర్చుందో అప్పుడు అడిగాను. "నాలుగు దినాలు. పాటలు పాడుకుంటా," అంది. ఆ గదిలో మేం పాటలు పాడుకోలేదు. మాకు పదహారు రోజులు పట్టింది.

చివరి పోగు అందించిన రోజు, ఆమె పలక తొక్కింది. పోగులు సగం పైకి, సగం కిందికి సాఫుగా విడిపోయాయి. ఆమె వాటి మధ్య నుంచి నా వైపు చూసింది. "బాగొచ్చింది," అంది. పదహారు రోజుల్లో నాతో అన్న మంచి మాట అదొక్కటే.

విమానం ఇప్పుడు మేడ మీద మెట్ల గదిలో ఉంది. వడ్రంగితో కొత్త పలకలు చేయించుకున్నాను. అవి అరగడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. తాడు నేనే కట్టాను. సరిగ్గా రాలేదు. కిందికి దిగి ఆమెను అడిగాను. చేతిలో నేత ఆపి వచ్చి కట్టి పోయింది. గుంపులో నన్ను ఇంకా ఆరో నంబరు తాగుబోతు అనే పిలుస్తారు.

శ్రావణం దాటిపోయింది. భాద్రపదంలో చీర అయింది. ఆమె గుంటలో కూర్చునే నన్ను పిలిచి కత్తెర అందించింది. ఎందుకిచ్చిందో నాకు తెలుసు. నేసిన బట్ట దగ్గరికి కత్తెర తీసుకుపోయాను. చేయి ఆగిపోయింది.

"యాడ కోయాల?" అన్నాను.

ఆమె వేలు పెట్టి చూపించింది. వేలు అక్కడే ఉంచింది. ఆ వేలికి ఇవతల కోశాను. అవతల మూరెడు పోగులు అచ్చులోనే ఉన్నాయి.